సూది మొన దగ్గర బాధ్యత ఎవరిది?

ఖాజాగూడ గుట్టల చుట్టూ లేచిన అద్దాల మేడల్లో పనిచేసే మన యువతకు కృత్రిమ మేధ కొత్త కాదు. కానీ ఆ పేరు ఆసుపత్రిలో వినబడితే మాత్రం మన సంఘాల్లో రెండు రకాల మాటలు పుడుతున్నాయి. ‘యంత్రం చేతిలో ప్రాణం పెట్టడమా, ప్రార్థన చాలదా?’ అనేది ఒకటి. ‘యంత్రం కదా, పొరపాటు పడదు’ అనేది మరొకటి. రెండూ సరికావని మా అభిప్రాయం.

ముందు జరిగేదేమిటో తెలుసుకుందాం. కాలేయంలో లోతుగా ఉన్న గడ్డ నుంచి ముక్క తీయాలంటే వైద్యుడు సీటీ స్కాన్ చూసి, సూదిని కొంత దించి, మళ్లీ స్కాన్ తీసి దారి సరిచూసుకోవాలి. రోగి ఊపిరి పీల్చినప్పుడల్లా కాలేయం కదులుతుంది. పక్కనే రక్తనాళాలుంటాయి. చెన్నైలోని పర్ఫింట్ హెల్త్‌కేర్ తయారుచేసిన రోబోల వంటివి సూది ఏ కోణంలో, ఎంత లోతుకు వెళ్లాలో చిత్రాలను బట్టి లెక్కకట్టి దారి చూపుతాయి. సూదిని దించేది వైద్యుడే. ఒక్కసారికే సరైన చోటికి చేరితే రోగికి పోట్లు తగ్గుతాయి, రేడియేషనూ తగ్గుతుంది. ఇదేమీ నిన్న పుట్టిన ఆలోచన కాదు. 1985లోనే అమెరికాలోని లాంగ్‌బీచ్‌లో మెదడులోకి సూదిని నడపడానికి ప్యూమా 560 అనే రోబో చేతిని వాడారు.

ఇందులో విశ్వాసానికి విరుద్ధమైనదేముంది? హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా యెషయా ఆ పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. 1883లో గుంటూరుకు వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా ప్రార్థననూ మందునూ పోటీకి నిలపలేదు.

రెండవ మాటలోనే ఎక్కువ ప్రమాదముంది. పోలెండ్‌లో పెద్దపేగు పరీక్ష చేసే అనుభవజ్ఞులైన వైద్యులపై జరిగిన అధ్యయనం 2025లో వెలువడింది. కృత్రిమ మేధ రాకముందు వారు నూటికి 28 మందిలో క్యాన్సర్‌గా మారగల కణుతులను కనిపెట్టేవారు. దానికి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో 22 మందిలోనే కనిపెట్టగలిగారు. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం. కానీ వాడని తలాంతు చేజారుతుందన్న ఉపమానం గుర్తుకు రాకమానదు. సహాయకుడు వచ్చాడని కన్ను నిద్రపోకూడదు.

యంత్రం లెక్క కట్టగలదు, జవాబు చెప్పుకోలేదు. రోగి కుటుంబం ఎదుట, దేవుని ఎదుట నిలబడవలసినది మనిషే. అందుకే ఆసుపత్రికి వెళ్లే విశ్వాసులు భయపడకుండా అడగాలి. పరికరం చెప్పినదాన్ని ఎవరు సరిచూస్తారు? అది ఆగిపోతే చేత్తో పూర్తిచేసే అనుభవం మీకుందా? మామూలు పద్ధతి కంటే దీనివల్ల మేలెంత, ఖర్చెంత? అడగడం అవిశ్వాసం కాదు, వైద్యుణ్ణి అవమానించడమూ కాదు.

ఈ ప్రోగ్రాములు రాసే మన పిల్లలకూ ఒక మాట. మీ తెరమీద కనబడే చుక్క అవతల ఒక తల్లి కాలేయం. పరీక్షలో తేలిన లోపాన్ని గడువు కోసం దాచకండి.

ఇక సంఘానిది మరో బాధ్యత. గచ్చిబౌలి ఏఐజీ వంటి పెద్ద ఆసుపత్రుల్లో రోబో శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. ఆ దారిలోనే మేడలు కట్టే కూలీలు, ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు నడుస్తున్నారు. వారికి మేలైన వైద్యం అందకపోతే ఈ జ్ఞానమంతా ఎవరికోసం? గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చిన సమరయుడు డబ్బు కూడా కట్టాడు. మన సంఘాల వైద్య సహాయ నిధి ఆదివారం ప్రకటనతో ఆగిపోకూడదు.

వైద్యుని చేతికోసం ప్రార్థిద్దాం. ఆ చెయ్యి మెలకువగా ఉందో లేదో అడుగుదాం. బిల్లు కట్టలేనివారి పక్కన నిలబడదాం.