కౌన్సిలర్ కాదండీ, కౌన్సెలర్!

మా పక్కింటి అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. రోజూ పెదకూరపాడు నుంచి గుంటూరు వెళ్ళొస్తుంది. తర్వాత ఏం చదువుతావని ఎవరడిగినా ఈ మధ్య ఒకటే జవాబు. "సైకాలజీ చదివి కౌన్సెలర్నవుతా. అయ్యి మళ్ళీ మనూరికే వస్తా." ఇది విని వాళ్ళ నాయనమ్మ, "మనది పంచాయతీ గదే! కౌన్సిలర్ పోస్టు ఎక్కడుందే? కావాలంటే వార్డు మెంబరుగా నిలబడు, నా ఓటు నీకే" అంది. ఇల్లంతా నవ్వులే నవ్వులు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ పెద్దావిడ తప్పేమీ లేదు. కౌన్సెలింగ్ అన్న మాట మన ఇళ్ళలోకి వచ్చిన దారులే అలాంటివి. ముందు ఎంసెట్ కౌన్సెలింగ్‌గా వచ్చింది. అంటే ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల కవరు పట్టుకుని తండ్రీ పిల్లా క్యూలో నిలబడటం. ఆ తర్వాత పోలీసు స్టేషన్ కౌన్సెలింగ్. రౌడీషీటర్లను, తాగి బండి నడిపినవాళ్ళను వరసగా కూచోబెట్టి గట్టిగా చెప్పి పంపడం. ఇక మొగుడూ పెళ్ళాల కౌన్సెలింగ్ సంగతి మీకు నేను చెప్పాలా? "అతను మగాడమ్మా, నువ్వే కొంచెం సర్దుకుపో" అన్న మాటకి ఇంగ్లీషు పేరు పెట్టారంతే. మూడింటిలోనూ మాట్లాడేది బల్లకి అవతల కూచున్నవాళ్ళు. ఇవతల ఉన్నవాళ్ళు తలూపాలి. అసలు కౌన్సెలింగ్ దీనికి సరిగ్గా తలకిందులు. ఇవతల ఉన్నవాళ్ళే మాట్లాడాలి. అవతలి మనిషి వినాలి, తీర్పు చెప్పకుండా.

ఆ అమ్మాయికి ఈ ఆలోచన ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో తన గదిలోనే ఉండే స్నేహితురాలు ఒకతి, రెండో సంవత్సరం సగంలో ఉన్నట్టుండి తిండి మానేసింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ గంటసేపు. ఇంటికి తీసుకొచ్చారు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. రెండు నెలలు అలా గడిచాక ఎవరో చెబితే గుంటూరులో డాక్టరుకి చూపించారు. మందులిచ్చారు, పిల్ల కోలుకుంది. కానీ ఊళ్ళో మాత్రం తల్లి అందరికీ "పచ్చకామెర్లు" అనే చెప్పింది. పసరు మందు ఎక్కడ పోయిస్తే మంచిదో సలహాలు కూడా ఓపిగ్గా విన్నది పాపం! "పిన్నీ, కామెర్లని చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా చేయాలి, అదీ నా చదువు" అంది మా పక్కింటి పిల్ల. ఇరవయ్యేళ్ళకే ఇంత సూటిగా చెప్పగలిగిన పిల్లను చూస్తే నాకు ముచ్చటేసింది.

వాళ్ళ నాన్నకు మాత్రం ముచ్చట వేయలేదు. బ్యాంకు కోచింగుకి పంపిద్దామని ఆయన లెక్క. "పిచ్చోళ్ళకి వైద్యం చేసే పిల్లని చేసుకునేదెవరు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. రెండోది, "ఊళ్ళో కూచుంటే అన్నం పెట్టేదెవరు?" మొదటిదానికి జవాబు చెప్పడం దండగ. గుండె డాక్టర్ని చేసుకుంటే గుండెజబ్బు రాదు కదా! రెండోది మాత్రం న్యాయమైన ప్రశ్న. దాన్ని ఆదర్శాలతో కొట్టిపారేయకూడదు. వినడానికి డబ్బులిచ్చే అలవాటు మనకు లేదు. నోటితో చెప్పే మాటకి ఫీజేమిటంటాం. వినడానికి చదువు కావాలని, అది పనేనని ఒప్పుకోం. కొలువుల్లో చూస్తే చాలావరకు కాంట్రాక్టువే. తండ్రి భయపడ్డాడంటే అర్థముంది.

అయితే ఆ ప్రశ్నకి ఈమధ్యే ఒక జవాబు వచ్చింది. అది చాలామంది తల్లుల చెవిన పడలేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. ఆ తండ్రి నడిపిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్నవైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. వంద మంది అంటే మన సత్తెనపల్లి, నరసరావుపేట, గుంటూరుల్లో ఒక్క అంతస్తుకే అంతకన్నా ఎక్కువమంది ఉన్న కాలేజీలెన్ని! ఈ లెక్కన ఎంతమంది కౌన్సెలర్లు కావాలో ఆ తండ్రిగారినే వేళ్ళు మడిచి చూడమన్నాను. తీర్పు కాగితం మీద ఉంటే చాలదనుకోండి. ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు మనమే అడగాలి, "మీ కౌన్సెలర్ పేరేంటి, ఏ గదిలో కూచుంటారు, ఏ టైములో?" అని. ఏసీ ఉందా, ఫిల్టరు నీళ్ళున్నాయా అని అడగడం లేదూ?

పిల్లల సంగతి కోర్టు చూసింది. పెద్దవాళ్ళ మాటేమిటి?

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాక మనం పల్నాడు జిల్లా అయ్యాం. నోరు తిరక్క ఇంకా గుంటూరు జిల్లా అనేస్తుంటాం, అదలా ఉంచండి. పల్నాడంటే పౌరుషమని పేరు. పౌరుషమున్న చోట మగవాడు ఏడవకూడదు. అప్పు తీర్చలేకపోతున్నానని పెళ్ళానికి కూడా చెప్పకూడదు. మాది పత్తి, మిరప పండే నేల. రెండూ పెట్టుబడి మింగే పంటలే. తెగులొచ్చినా నష్టమే, గుంటూరు యార్డులో ధర పడినా నష్టమే. 1997-98లో వరంగల్లోనూ, మన వైపూ పత్తిరైతుల చావులు పేపర్ల నిండా వచ్చినప్పుడు పురుగుమందుల గురించి, విత్తనాల గురించి, వడ్డీల గురించి ఎంతో రాశారు. రాయాల్సినవే. ఇంట్లో మిగిలిన ఆడమనిషి రాత్రిళ్ళు ఎలా పడుకుంటోందో మాత్రం ఎవరూ అంతగా అడగలేదు.

2004లో 421 నంబరు జీవో వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయం. తర్వాత అది పెరుగుతూ వచ్చి 2019లో ఏడు లక్షలైంది. మంచిదే. అయితే ఆ సాయం రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ఉన్న కమిటీ విచారించి నిజమని తేల్చాలి. అప్పు ఎంత, ఎవరి దగ్గర, పొలం ఎవరి పేరున, కౌలైతే కాగితమేది? మనిషి పోయిన నెలలోపే ఆవిడ ఇవన్నీ వెతుక్కోవాలి. ముగ్గురు అధికారులున్న ఆ కమిటీలో నాలుగో మనిషిగా ఒక కౌన్సెలర్ని వేసి ఉంటే? ఏ కాగితమూ అడగకుండా, "నువ్వు అన్నం తిన్నావామ్మా?" అని మొదలుపెట్టే మనిషిని? నా మటుకు నాకు ఆ జీవోలో లేని పేరా అదేననిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొద్దాం. "మనూరికే వస్తా" అంటోంది కదా పిల్ల. వస్తే మన ఆడవాళ్ళు ఆమె దగ్గరికి పోతారా?

నాకు అనుమానమే. నేను కథలు రాస్తానని తెలిసి మిరపకాయల తొడిమలు తీసే చోట కూచున్నప్పుడు కొందరు నాతో వాళ్ళ గోడు చెప్పుకుంటారు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోతారు. సరిగ్గా అసలు విషయం దగ్గరే. "రాయబాక అమ్మాయ్" అంటారు. వాళ్ళు తెలివైనవాళ్ళు. కథలు రాసేవాళ్ళు వినేది కథ కోసం. ఆ మనిషి కోసమే వినడం వేరే చదువు. ఇక ఊరి పిల్ల అంటే ఎవరికో మేనకోడలు, ఎవరికో చెల్లెలు. తోటికోడలు పోరు గురించి చెప్పుకుందామని వెళితే, ఆ తోటికోడలి పిన్ని కూతురే కుర్చీలో కూచుని ఉంటుంది! చట్టముంది లెండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వివరాలు బయటపెట్టకుండా ఉంచడాన్ని మనిషి హక్కుగా చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళను నేరస్థుల్లా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడమనీ చెప్పింది. కానీ ఊరి నోటికి ఏ చట్టమూ తాళం వేయలేదు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, బలమైనదే. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడున్నాడు. ఆయన దగ్గర చూపించుకోవాల్సిన ఒక అమ్మాయి బస్సు ఛార్జీలు లేక ఆస్పత్రికి రాలేకపోయి, ప్రాణం తీసుకుంది. ఆ దెబ్బతో ఆయన 2006లో హరారేలో ఆస్పత్రుల ఆవరణలో చెట్టు కింద బల్ల వేయించి, ఆ పేటలోనే ఉండే అమ్మమ్మలకు తర్ఫీదిచ్చి కూచోబెట్టాడు. వాళ్ళు డిప్రెషన్ అనరు. వాళ్ళ షోనా భాషలో ఉన్న ‘మరీ ఎక్కువగా ఆలోచించడం’ అన్న మాట వాడతారు. మనం కూడా అంతే కదా, "ఆవిడకి ఆలోచన ఎక్కువైందమ్మా" అంటాం. ఆ బల్లల వల్ల జనానికి నిజంగానే మేలు జరిగిందని 2016లో అమెరికా వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. అంత దూరమెందుకు, మన పశ్చిమగోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తలకు శిక్షణనిచ్చి, దిగులుతో బాధపడేవాళ్ళను గుర్తించి డాక్టరు దగ్గరికి చేర్చే ప్రాజెక్టు నడిచింది. సొంత మనిషి, సొంత యాస ఉంటేనే నోరు పెగులుతుందని వీళ్ళ అనుభవం.

రెండూ నిజమే. అందుకే నేను ఆ అమ్మాయితో ఒక మాటన్నాను. "మనూరి పిల్లవి సత్తెనపల్లిలో కూచో. సత్తెనపల్లి పిల్ల ఎవరైనా ఉంటే మనూళ్ళో కూచుంటుంది. ఒకే రైలు మార్గం, ఒకే యాస. ఇద్దరికీ ఇక్కడి మిరప ధరా తెలుసు, అత్తగారి మాటా తెలుసు. కాకపోతే ఎవరి మేనత్తా ఎవరికీ ఎదురుపడదు." ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మరి నేను మనూరికి ఏం చేసినట్టు పిన్నీ?" అంది. వాళ్ళ స్నేహితురాలిది ఈ ఊరు కాదు, ఆ సంగతి తనకే గుర్తుచేశాను. సొంతూరు అంటే పంచాయతీ హద్దు దగ్గర ఆగిపోయేది కాదు కదా.

చదువు సంగతిలో మాత్రం నేను కచ్చితంగా ఉన్నాను. వారాంతపు క్లాసులతో డిప్లొమా ఇచ్చి, గోడకి సర్టిఫికెట్ తగిలించుకోమనే చోట్లు పుట్టుకొస్తున్నాయి. వాటి జోలికి పోవద్దన్నాను. మాటతో కూడా మనిషికి దెబ్బ తగులుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీల్లో సైకాలజీలో పీజీ ఉంది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే 1992 చట్టంతో ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపున్న శిక్షణే పొందాలి. అయిదారేళ్ళు పడుతుంది. పట్టనివ్వండి. ఏ కేసు తన చేతిలోది, ఏది మందులిచ్చే డాక్టరుకి పంపాల్సిందో తెలియడానికే సగం చదువు.

ఈలోగా కావాల్సినవాళ్ళు ఆగాలా? అక్కర్లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఉంది. 14416కి రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. కందిపప్పు డబ్బా మీదో, క్యాలెండరు వెనకో ఆ అయిదంకెలు రాసిపెట్టుకోండి. బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో సర్వే చేస్తే (మన రాష్ట్రం అందులో లేదు లెండి) పెద్దవాళ్ళలో నూటికి పది మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది. అంటే మన వీధిలో కూడా ఉన్నట్టే. అందరికీ కామెర్లే అయ్యుండవు.

ఇక ఆ పిల్లో, సత్తెనపల్లి పిల్లో వచ్చి కూచునే గది మాట. దానికి ప్రభుత్వాసుపత్రిలో వేరే మూల, వేరే తలుపు, పైన పెద్ద బోర్డు మాత్రం వద్దు. హెచ్ఐవీ పరీక్షల గదికి మనవాళ్ళు ఎంతెంత చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళో చూసినవాళ్ళకు ఎందుకో తెలుస్తుంది. బీపీ, షుగరు చూసే వరండాలోంచే దారి ఉండాలి. లోపల బల్ల మీద ఒక బీపీ మిషను కూడా పెడితే, "ఎందుకెళ్ళావే?" అని అడిగిన అత్తగారికి చెప్పడానికి కోడలి దగ్గర జవాబుంటుంది.