కన్నీటి నాళపు చికిత్స జిల్లాకు రావలెను

మోత్కూరు చుట్టుప్రక్కల పత్తిచేలలో కలుపు తీయుచు, మాటిమాటికి కొంగుతో కన్ను తుడుచుకొను నడివయస్సు స్త్రీలను చూచి, ఆ నీరు ఎండవలననో, దుమ్మువలననో, పొయ్యిపొగవలననో వచ్చుచున్నదని ఇంటిల్లిపాదియు సరిపెట్టుకొనుట పరిపాటి. కాని కంటిమూలను వ్రేలితో నొక్కినపుడు చీము పైకివచ్చినచో, కన్నీటిని ముక్కులోనికి దింపు సన్నని నాళము మూసికొనిపోయి, అశ్రుకోశమున నీరు నిలిచి కుళ్లుచున్నదని గ్రహింపవలెను. పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వచ్చు ఈ వ్యాధిని చుక్కలమందు కొన్నాళ్లు అణచును గాని, మూసికొన్న నాళమును తెరువజాలదు. ఆ చీము ఉండగనే శుక్లమునకు ఆపరేషను చేసినచో, క్రిములు కంటిలోనికి చేరి చూపునే హరింపవచ్చును.

ముక్కుప్రక్క చర్మమును కోసి, ఎముకకు రంధ్రముచేసి, అశ్రుకోశమును నేరుగా ముక్కుతో కలుపు పద్ధతిని 1904లో ఇటలీ వైద్యుడు టోటీ ప్రకటించెను. అది నేటికిని నమ్మదగిన చికిత్సయే. అదే మార్గమును, సుమారు 4 మిల్లీమీటర్ల మందముగల ఎండోస్కోపును ముక్కులో ప్రవేశపెట్టి, తెరపై చూచుచు లోపలినుండియే ఏర్పరచు విధానము 1989 తరువాత వ్యాప్తికి వచ్చినది. దీనివలన ముఖముపై మచ్చ పడదు. రెప్పపాటున కన్నీటిని లోనికి లాగు కండరము చెక్కుచెదరదు. ముక్కుదూలము వంకరగా అడ్డుపడుచున్నచో దానినిగూడ అప్పుడే సరిచేయవచ్చును. ఆరితేరిన చేతులలో రెండు పద్ధతుల ఫలితములును ఇంచుమించు సమానములే.

ఈ విద్యకై మనము దూరదేశములవైపు చూడనక్కరలేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో అశ్రునాళ వ్యాధులకే ప్రత్యేక విభాగము కలదు. అచ్చటి డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీ పరిశోధనలు ప్రపంచ ఖ్యాతి నందినవి. అయినను దినకూలిని వదలుకొని, తోడు మనిషిని వెంటబెట్టుకొని, పలుమార్లు రాజధానికి పోవలసివచ్చిన పేదరాలు చికిత్సనే వాయిదా వేయును.

సైనసు ఆపరేషనులకు వాడు ఎండోస్కోపే ఈ కన్నీటినాళపు చికిత్సకును పనికివచ్చును. కనుక ముఖ్యముగ కావలసినది కంటి వైద్యుడును, ముక్కు వైద్యుడును ఒకచోట కూడి నేర్చుకొను శిక్షణ. మన జిల్లాలోనే బీబీనగరున ఎయిమ్స్ వెలసియుండగా, ఆ శిక్షణను అచ్చట క్రమబద్ధముగ నడపి, జిల్లా వైద్యులను తీర్చిదిద్దుట ప్రభుత్వ కర్తవ్యము. 2018లో కంటివెలుగు పేర ఊరూర కన్నులు పరీక్షించిన రాష్ట్రమునకు, ప్రతి శిబిరమునందును కంటిమూలను నొక్కి చూచుట, సందేహమున్నచో నాళములోనికి నీరెక్కించి పరీక్షించుట భారము కాదు. ఎండోస్కోపు నైపుణ్యము అలవడువరకు పాతపద్ధతి శస్త్రచికిత్సయైనను ఆలస్యములేక అందవలెను. ఏలయన రోగికి నిజమైన కీడు కోతవలనకంటె నిరీక్షణవలననే ఎక్కువ.