సీటు కవర్లు విప్పండి, అద్దాలు దించండి

కొత్త కారు కొన్నవాళ్లకు నాదొక విన్నపం. సీట్లకు తొడిగి పంపిన ప్లాస్టిక్ కవర్లు బండి ఇంటికి రాగానే విప్పి అవతల పారేయండి. మా బంధువుల్లో ఎవరు కారు కొన్నా నెలల తరబడి ఆ కవర్లు అలాగే ఉంచుతారు. కూర్చుంటే చప్పుడు, వేసవిలో వీపుకు అంటుకుంటాయి, అయినా తీయరు. తాడ్‌బండ్ హనుమంతుడి గుడిలో పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్న బండి కదా, ఆ కొత్తదనం ఇంకొన్నాళ్లు నిలవాలని వాళ్ల ఆశ. ఆ ఆశను తప్పు పట్టను. కానీ వాళ్లు దాచుకుంటున్న ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే ఒక్క రోజు కూడా ఉంచరు.

నా ఉద్యోగమంతా జువాలజీ పాఠాలు చెప్పడంలోనే గడిచింది. మా కాలేజీ మ్యూజియంలో పాములు, కప్పలు ఫార్మలిన్ సీసాల్లో ఉండేవి. పాత సీసా మూత తీస్తే ముందు కళ్లు మండేవి, తర్వాత గొంతు పట్టేసేది. మొన్న మే నెలలో మా మేనల్లుడు కొత్త కారులో విజయవాడ వచ్చాడు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలిపిన ఆ బండి తలుపు తీసి తల లోపల పెట్టానో లేదో, అదే మంట. వాడేమో “కొత్త కారు వాసన అత్తా, భలే ఉంది కదా” అని మురిసిపోతున్నాడు. ఏసీ గాలి వచ్చే చోట నిమ్మ సెంటు డబ్బా ఒకటి తగిలించాడు. నాలుగేళ్ల వాడి కూతురు ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పుతోందని ఏడుపు మొదలుపెట్టింది.

సీట్ల లోపలి పాలీయురేథేన్ ఫోమ్, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్, దాన్ని మెత్తగా ఉంచేందుకు కలిపే రసాయనాలు, కార్పెట్ అడుగున పూసిన జిగురు. వీటి నుంచి ఆవిరై వచ్చేదే కొత్త కారు వాసన. అందులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, మా సీసాల్లోంచి లేచే వాయువు అదే. అసిటాల్డిహైడ్, బెంజీన్, టోలీన్, స్టైరీన్ కూడా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం బెంజీన్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా ఎప్పుడో తేల్చింది. కారులో ఉండేది కొద్ది మోతాదే, నెలలు గడిచేకొద్దీ అదీ తగ్గుతుంది. అయితే ఎండ ఆ లెక్కను మార్చేస్తుంది. చైనా, అమెరికా పరిశోధకులు ఒక కొత్త కారును 12 రోజులు ఆరుబయట నిలిపి లోపలి గాలిని పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. ఫార్మాల్డిహైడ్ చైనా పరిమితిని దాదాపు 35 శాతం, అసిటాల్డిహైడ్ 60 శాతం మించాయి. లోపలి గాలి ఎంత వేడెక్కిందన్న దాని కంటే డ్యాష్‌బోర్డు లాంటి వస్తువుల పైభాగం ఎంత కాగిందన్నదే ముఖ్యమని కూడా వాళ్లు గమనించారు. మే నెల విజయవాడలో నీడ లేని చోట నిలిపిన బండి సంగతి వేరే చెప్పాలా?

దీని మీద సెంటు డబ్బా. నిమ్మ, నారింజ సెంట్లలో లిమోనిన్ ఉంటుంది. గాలిలోని ఓజోన్ తగిలితే దాని నుంచి మళ్లీ ఫార్మాల్డిహైడే పుడుతుంది. అద్దానికి వేలాడే చెట్టు బొమ్మ అట్టముక్క చాలామంది చూసే ఉంటారు. ఒలికిన పాల కంపు భరించలేకపోతున్నానని అమెరికాలో పాల బండి డ్రైవరు ఒకరు చెప్పుకుంటే, జూలియస్ సామన్ అనే రసాయన నిపుణుడు 1952లో దాన్ని తయారు చేశాడంటారు. పాలు ఒలికితే కడగాలి. కార్పెట్ తడిసి ముక్కితే ఎండబెట్టాలి, ఏసీ ఫిల్టర్ మార్చాలి. ఎలుకల భయంతో డిక్కీలో కలరా ఉండలు వేసేవాళ్లనూ చూశాను. చంటిపిల్లలు ఎక్కే బండిలో ఆ పని అసలు చేయకండి.

నాకు ఎక్కువ బెంగ క్యాబ్ డ్రైవర్ల గురించి. మనం అరగంట కూర్చుని దిగిపోతాం, వాళ్లకు ఆ బండే ఇల్లు. శంషాబాద్ వెళ్తూ ఒకతన్ని అడిగాను, రెండు సెంటు డబ్బాలు ఎందుకయ్యా అని. “వాసన వస్తే రేటింగ్ తగ్గిస్తరమ్మా, పెట్టకుంటే ఎట్ల?” అన్నాడు. మధ్యాహ్నం అదే సీటు వాల్చుకుని, అద్దాలు ఎత్తుకుని నిద్రపోతాడట. మీరు ఎక్కినప్పుడు ఆ డబ్బా తీసేయమని అడగండి, రేటింగ్ మాత్రం తగ్గించకండి.

మన జాగ్రత్త ఒక్కటే చాలదు. కారులోని గాలిలో 8 రసాయనాలకు చైనా 2011లోనే పరిమితులు ప్రకటించింది. జపాన్ కంపెనీలు 2007 నుంచి కొత్త మోడళ్లకు తామే హద్దులు పెట్టుకున్నాయి. కొరియాలో ప్రభుత్వమే కొత్త కార్లను పరీక్షించి ఫలితాలు బయటపెడుతుంది. మన దగ్గర 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు బండి గుద్దుకుంటే లోపలివాళ్లు ఎంత భద్రమో చెబుతాయి, లోపల పీల్చే గాలి గురించి చెప్పవు. ఆ నక్షత్రాల పక్కనే ఫార్మాల్డిహైడ్, బెంజీన్ లెక్క కూడా అచ్చు వేయించాలి. కొరియా కంపెనీ కార్లు మన పెనుకొండలోనే తయారవుతున్నాయి. అక్కడి కొనుగోలుదారుకు చూపించే లెక్కను ఇక్కడి షోరూముల్లోనూ చూపించాలని కేంద్ర రవాణా శాఖ ఆదేశించాలి, ఈ వేసవి రాకముందే.