కడసారి చూపు

పెళ్ళిపందిట్లో కెమెరా లేకపోతే వెలితిగా భావించేవారే, చావింట అదే కెమెరాను చూసి మొగం చిట్లించుకొంటారు. శుభాన్ని చిత్రించడం వేడుక, అశుభాన్ని చిత్రించడం అనౌచిత్యం అన్నది తరతరాల భావన. అయినప్పటికీ అంత్యక్రియలనూ, సంస్మరణ సభలనూ వీడియో తీసి ఇవ్వడం నేడు ఒక వృత్తిగా రూపుదిద్దుకొంటున్నది. ఇది దుఃఖాన్ని అమ్ముకోవడమేనని కొందరు నిందిస్తారు. ఆ నింద ఎంతవరకు న్యాయమో విచారించవలసి ఉన్నది.

గతించినవారి రూపాన్ని నిలుపుకోవాలన్న తపన కొత్తది కాదు. 1839లో ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడైన కొద్దికాలానికే ఐరోపా, అమెరికాలలో మృతుల చిత్రాలను తీయించుకొనే ఆచారం వ్యాపించింది. పసిబిడ్డను పోగొట్టుకొన్న తల్లులెందరికో ఆ ఒక్క చిత్రమే బిడ్డ గుర్తుగా మిగిలింది. 1948 జనవరి 31న ఢిల్లీలో సాగిన గాంధీజీ అంతిమయాత్రను నేటి తరం చూడగలుగుతున్నదంటే, అది నాటి చిత్రగ్రాహకుల చలవే. మహనీయుల విషయంలో ఆదరించిన పనిని సామాన్యుల విషయంలో తప్పుపట్టడం తగదు.

బ్రతుకుతెరువు కోసం తెలుగువారు గల్ఫ్‌ దేశాలకూ, అమెరికాకూ వలసపోతున్న ఈ కాలంలో ఈ అవసరం మరింత పెరిగింది. తండ్రి కన్నుమూసిన కబురు అందినా, సెలవు దొరకకో, వీసా చిక్కులవల్లనో రాలేని బిడ్డలున్నారు. 2020 మార్చిలో కరోనా కారణంగా విమానాలు నిలిచిపోయి, అంత్యక్రియలకు 20 మందికి మించరాదన్న నిబంధన వచ్చినప్పుడు, పొరుగూరి బంధువులకు సైతం కడసారి చూపు కరవైంది. అటువంటివారికి తెరపై కనిపించిన చితిమంటే తుది వీడ్కోలయింది.

అయితే ఏ సేవకైనా ఔచిత్యమే ప్రాణం. పాడె ఎత్తినవారిని మరొకసారి ఎత్తమనడం, విలపించే ఇల్లాలి మొగంపై దీపాలు వేయడం, ఆ దృశ్యాలకు విషాదగీతాలు జోడించడం సేవ అనిపించుకోవు. కెమెరా ముందు మనసారా ఏడవవలసినవారు బిగుసుకుపోతారు. లోకం మెప్పుకోసం ఏడ్చేవారు ముందుకు వస్తారు. దింపుడు కళ్ళం వద్ద ఆప్తులు మృతుని చెవిలో పేరుపెట్టి పిలిచే క్షణం ఆ కుటుంబానిదే గాని లోకానిది కాదు. కనుక ఇంటివారి అనుమతి, తగినంత దూరం, మౌనం ఈ వృత్తికి నియమాలు కావాలి. తీసిన దృశ్యాలు ఇంటివారి చేతికే చేరాలి.

సంస్మరణ సభ సంగతి వేరు. అక్కడ చిన్ననాటి స్నేహితుడు చెప్పే ముచ్చట, ఏనాడో సాయం పొందినవారు తెలిపే కృతజ్ఞత ఇంటివారికే తెలియని చరిత్ర. తాతను ఎరుగని మనుమడికి ఆ మాటలే ఆస్తి. వాటిని భద్రపరచడం కన్న మేలైన స్మారకం ఉండదు.

దూరాన ఉన్నవారికి కడసారి చూపును అందించినంతవరకు కెమెరా ఆత్మబంధువే. కాని, కన్నవారు బ్రతికి ఉండగా వారితో గడపని సమయాన్ని మాత్రం ఏ కెమెరా తిరిగి తెచ్చి ఇవ్వజాలదు.