తంగేడు చెట్టు నోరు మూయకండి

అవ్వల కథలకు మళ్ళీ మంచి రోజులొచ్చాయంటున్నారు. కథలు రాయడం నేర్పే తరగతులు కాలేజీల్లోకి వచ్చాయి. మూడు రోజుల శిబిరాలు, ముప్ఫై రోజుల కోర్సులు, చివర్న సర్టిఫికెట్లు! వాటిలో చేరిన పిల్లలకు తరచుగా ఇచ్చే పని ఒకటుంది. "మీ ఊరికి వెళ్ళి ఒక ముసలమ్మ దగ్గర పాత కథ వినండి. దాన్ని మీ మాటల్లో తిరగరాసి తీసుకురండి" అని.

మంచి పనే. ముసలమ్మ పక్కన కూర్చునే తీరిక ఇళ్ళల్లో ఎవరికీ లేదు గనక, మార్కుల కోసమైనా ఎవరో ఒకరు కూర్చుంటున్నారు. సంతోషం! నా తగువల్లా ఆ "మీ మాటల్లో" అన్న రెండు ముక్కల దగ్గరే. మీ మాటల్లో రాస్తే, మరి ఆవిడ మాటలేమైనట్టు?

ఇంత చిన్న విషయానికి ఇంత కోపమా అంటారేమో. జరిగింది చెబుతాను, మీరే తేల్చండి.

మాది తిరుమలగిరి. సూర్యాపేట నుంచి జనగామ వెళ్ళే దారిలో ఉంటుంది. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత సూర్యాపేట జిల్లా. జిల్లా మారినా మా ఎండా మారలేదు, మా యాసా మారలేదు. కిందటేడు పెత్రమాసకు ముందు, కథల చదువు చదువుతున్న ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. తెలివైన పిల్ల, కలుపుగోలు పిల్ల. "బతుకమ్మ కథ కావాలి మేడమ్. చెప్పే అవ్వలెవరైనా ఉన్నారా?" అంది, మంచి కూరగాయలెక్కడ దొరుకుతాయని అడిగినంత తేలిగ్గా. మా వాడకట్టులోనే ఉండే ఒక పెద్దమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. ఆమెకు నడుము వంగింది గానీ మాట వంగలేదు.

బతుకమ్మకు మా దిక్కున ఒకటి కాదు, ఎన్నో కథలున్నాయి. పెద్దమ్మ చెప్పింది ఏడుగురన్నల చెల్లెలి కథ. మీలో చాలామంది వినే ఉంటారు. ఏడుగురన్నలకు ఒక్కతే చెల్లె. అన్నలకు ప్రాణం, వదినలకు కంట్లో నలుసు. అన్నలు వేటకు పోయి ఎన్నాళ్ళకూ రాలేదు. పెద్ద వదిన పాలల్లో విషం కలిపి ఆ పిల్లకిచ్చింది. చచ్చిపోతే ఊరి బయట పాతిపెట్టింది. పాతిన చోట తంగేడు చెట్టు మొలిచి విరగబూసింది. తిరిగొచ్చిన అన్నలు చెల్లెను వెదుక్కుంటూ పోయి, ఆ పూలు చూసి తెంపబోతే చెట్టు మాట్లాడింది. జరిగిందంతా చెప్పింది. నీకేం కావాలని అన్నలడిగితే, ఏటా ఈ పూలల్లో నన్ను చూసుకోండి, నా పేర పండుగ చేయండి అంది.

కథ ఇంతే. కానీ పెద్దమ్మ నోట వింటే ఇంతేనా? పాలగిన్నె దగ్గరికొచ్చేసరికి ఆమె ఆగింది. "పాలే గద బిడ్డా ఇచ్చింది! పాలంటె ఎవలు అనుమానపడుతరు?" అంది. చెట్టు మాట్లాడే చోట గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. "పాణమున్నప్పుడు అడిగినోడు లేడు. పూలు పూసినంక అడుగుతున్రు, ఏం కావాల్నని" అని, ఆకు మడిచి నోట్లో వేసుకుంది. అక్కడున్న ఆడవాళ్ళెవ్వరం కిక్కురుమనలేదు. ఇద్దరు ముగ్గురు పుట్టింటి సంగతులు గుర్తొచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

నెల తిరక్కుండా ఆ అమ్మాయి తను రాసిన కథ పంపింది. పాలు లేవు. విషం లేదు. "పిల్లలు చదివే కథలో హత్య ఎందుకని తీసేశాను మేడమ్" అని పైన ఒక చీటీ! చెల్లెలు అడవిలో దారి తప్పిందట. వదినలు పశ్చాత్తాపంతో కుమిలిపోయారట. వనదేవత కరుణించి ఆమెను పువ్వుగా మార్చిందట. చివర ఒక గీత గీసి దాని కింద నీతి: కుటుంబానికి ప్రేమానురాగాలే పునాది. ఇక భాష ఎంత శుభ్రంగా ఉందనుకున్నారు! ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసినట్టుంది. మంచి మార్కులు కూడా వచ్చాయట. రచయిత్రిగా పైన ఆ అమ్మాయి పేరుంది. పెద్దమ్మ ఊసు గానీ, మా ఊరి ఊసు గానీ ఎక్కడా లేదు.

నా ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఇలా రాస్తేనే కథ అని నేర్పిన వాళ్ళ మీద. వదిన ఒక్కసారే చంపింది. మనం కలం పట్టుకుని రెండోసారి చంపుతున్నాం. పైగా ఈసారి చెట్టును కూడా మొలవనివ్వడం లేదు!

ఆడదాన్ని ఆడదే చంపే కథ మనకెందుకు, తీసేస్తేనే నయం కదా అన్నారు నా స్నేహితురాలొకరు. ఆలోచించాల్సిన మాటే. అయితే ఆ కథ చెప్పేది ఎవరు? ప్రతి పెద్దమ్మా ఒక ఇంటికి ఆడబిడ్డ, ఇంకో ఇంటికి వదిన. ఆ పాలగిన్నెకు ఇటూ ఆమే, అటూ ఆమే. అందుకే అక్కడ ఆమె గొంతు ఆగింది. బతికున్నంత కాలం వదినల చేతికి వదిలేసి, పూలు పూశాక చుట్టూ చేరిన ఏడుగురు అన్నల మాటేమిటన్నది ఆ కథలో ముల్లు. ఆ ముల్లు తీసేసి పువ్వు చేతికిస్తే ఎవరికి హాయి? అన్నలకే!

ఇంకో రకం కూడా ఉంది సుమండీ. ఈ రకంలో చెల్లెలు పాలు తాగదు. గిన్నె విసిరికొట్టి, గుర్రమెక్కి, పట్నం పోయి రాణి అవుతుంది. చదవడానికి హుషారుగానే ఉంటుంది. కానీ గుర్రమెక్కే వీలే ఉంటే మన అవ్వలకు చెట్టుతో మాట్లాడించాల్సిన అవసరం ఏమొచ్చింది? నోరున్న మనిషి చెప్పుకోలేనిది నోరులేని చెట్టు చేత చెప్పించారు. అది వాళ్ళ ఉపాయం. కొత్త రాణి కథ రాయాలనుంటే నిక్షేపంగా రాసుకోవచ్చు. దానికి బతుకమ్మ పేరెందుకు?

"కథన్నాక చెప్పేవాళ్ళు మార్చరా? ఒక రామాయణానికి ఎన్ని రామాయణాలు లేవు?" అని అడుగుతారు. నిజమే, మారుస్తారు. మా పెద్దమ్మ కూడా కిందటేడు చెప్పినట్టు ఈ ఏడు చెప్పదు. కానీ ఆమె మార్చేది ఎదురుగా ఊఁ కొట్టేవాళ్ళ ముందు. తప్పు చెబితే "అట్ల కాదమ్మా" అని పట్టేసే ఆడవాళ్ళు పది మంది అక్కడ ఉంటారు. హాస్టలు గదిలో కూర్చుని మార్చే పిల్లకు ఎదురుగా ఉన్నది మార్కులు వేసే చెయ్యి ఒక్కటే.

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో అచ్చయిన తన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవలలో ఈ కిటుకు చక్కగా పట్టుకున్నాడు. అందులో ఒక తల్లి రాత్రిపూట కూతురికి తాబేలు కథ చెబుతుంది. ఆకాశంలో విందుకు పక్షులు బయల్దేరితే, తాబేలు వాటి దగ్గర ఈకలు అరువు తీసుకుని, "మీరందరూ" అని తన పేరు మార్చుకుని వెంటపడుతుంది. ఈ విందు ఎవరికని అడిగితే మీ అందరికీ అన్నారు. ఇంకేం, విందంతా తాబేలుదే! కోపమొచ్చిన పక్షులు ఈకలు పీక్కుంటే కిందపడి దాని డిప్ప ముక్కలైంది. మన రచయితలైతే ఇక్కడ అత్యాశ మీద ఒక పేరా నీతి రాసేవారు. అచెబె ఏం చేశాడు? ఈ కథలో పాట లేదేమని ఆ కూతురి చేత తప్పు పట్టించాడు! పాటున్న కథ ఇంకోటి ఆలోచిస్తానని తల్లి ఒప్పుకుని, ఇప్పుడు నీ వంతు అంటుంది. కథ కాగితమెక్కినా వినేవాళ్ళ నోరు మూతపడలేదు. అదే నవలలో ఒక కొడుకుంటాడు. వాడికి అమ్మ చెప్పే కథలంటేనే ఇష్టం. కానీ అవి ఆడవాళ్ళ కథలని నాన్న ఈసడిస్తాడని, ఇష్టం లేనట్టు నటిస్తాడు. ఆఫ్రికా అయినా, తిరుమలగిరి అయినా నాన్నలు నాన్నలే!

ఇక యాస సంగతి. కథ తీసుకున్న పిల్లలు "బిడ్డా"ను తీసుకోరు, "గద"ను తీసుకోరు. అదేమంటే అందరికీ అర్థం కావద్దా అంటారు. ఈ జబ్బు చాలా పాతది. గుణాఢ్యుడు బృహత్కథను పైశాచి భాషలో రాశాడని శాతవాహన రాజు ముఖం చిట్లించాడట. ఆయన అడవిలో కూర్చుని, ఒక్కొక్క ఆకూ జంతువులకు చదివి వినిపిస్తూ మంటలో వేశాడు. మేత మానేసి వింటూ జంతువులు చిక్కిపోయాయి. రాజుగారి వంటింట్లో మాంసం నాసిరకమైంది. అప్పుడు గానీ రాజుకు ఆ కథల విలువ తెలియలేదు. పరుగెత్తుకొచ్చేసరికి ఏడు లక్షల్లో మిగిలింది ఒక లక్ష. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిన సంగతి ఇది. ఎంత గొప్ప కథయినా భాష బాగాలేదంటే బూడిదే అన్నమాట!

అమోస్ టుటువోలా అని నైజీరియాలోనే ఇంకో రచయిత. పెద్ద చదువు లేదు. తమ యొరుబా కథల్లోని దయ్యాలనూ అడవులనూ తనకొచ్చిన ఇంగ్లీషులో, తన నుడికారంతోనే రాస్తే 1952లో లండన్లో అచ్చయింది. ఆ ఇంగ్లీషు చూసి సిగ్గుపడ్డవాళ్ళు ఎవరనుకున్నారు? ఆయన దేశంలోని చదువుకున్నవాళ్ళు! మన యాస చూసి మనవాళ్ళు ఇబ్బంది పడ్డట్టే.

అంత దూరమెందుకు, మాకు చేరువలో ఉన్న పాలకుర్తికి రండి. పాల్కురికి సోమనాథుడు ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట బసవపురాణం రాశాడు. భక్తుల కథలను జనం పాడుకునే ద్విపదలో, జాను తెనుగులో తిరగచెప్పాడు. అందులో బెజ్జమహాదేవి కథ చదవండి. శివుడికి తల్లి లేదు గనకే ఇలా జడలు కట్టిపోయాడని, తల్లే ఉంటే విషం తాగనిచ్చేదా అని ఆమె బాధపడి, తనే ఆయనకు తల్లి అవుతుంది. ఆ మాటల్లో పండితుడు కనిపించడు, తల్లి కనిపిస్తుంది. ఆయనకన్నా మనం పెద్ద పండితులమా, యాస వదిలేసుకోవడానికి?

మాకు దగ్గర్లోనే ఫణిగిరి ఉంది. గుట్ట మీద బౌద్ధుల స్తూపం, బుద్ధుడి కథలు చెక్కిన రాతి తోరణం బయటపడ్డ చోటు. అక్కడి శిల్పాలు కొన్ని 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్ళాయి. ఏ ఊరివో, ఎక్కడ దొరికాయో పక్కన రాసి మరీ చూపిస్తారు. ప్రభుత్వం అనుమతి లేకుండా ఆ రాయి అంగుళం కదలదు. మరి కథ కదలాలంటే? ఒక ఫోను చాలు. సంతకం లేదు, రశీదు లేదు, ఎక్కడిదన్న చీటీ లేదు. రాతికున్న మర్యాద ముసలమ్మకు లేదా?

తిరగరాయొద్దని నేననడం లేదు. రాయకపోతే ఆ కథలు ఆమెతోనే పోతాయి. 1950లలో ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పరిశోధన చేయబట్టే అది కూడా సాహిత్యమేనని మన చదువులు ఒప్పుకున్నాయి. ఘనాలో ఎఫువా సదర్లాండ్ అనే నాటక రచయిత్రి ఏం చేసిందో తెలుసా? 1960లలో ఎకుంఫి అట్వియా అనే పల్లెలో, ఆ ఊరివాళ్ళతో కలిసి కథలు చెప్పుకోవడానికే ఒక ఇల్లు కట్టించింది. కథను పట్నం పట్టుకుపోవడమే కాదు, పట్నం నేర్చిన చదువును కథ దగ్గరకు తేవచ్చని చూపించింది.

మనల్ని ఇల్లు కట్టమనడం లేదు. పంతుళ్ళకూ పిల్లలకూ నేను చెప్పేవి మూడే. నీతి అతికించొద్దు. చెప్పినామె మాటలు, కనీసం గుండెకాయలాంటి మాటలు, అలాగే ఉంచండి. కథ ఎవరిదో, ఏ ఊరిదో, ఆమెనడిగి రాయండి.

అడగడం ముఖ్యం. పెద్దమ్మను నేనూ అడిగాను, "నీ పేరు రాయనా?" అని. ఆమె నవ్వింది. "నా పేరెందుకు బిడ్డా? నాకు మా అమ్మ చెప్పింది, మా అమ్మకు వాళ్ళవ్వ చెప్పింది. ఎవలెవల పేరని రాస్తవు? తిరుమలగిరి ఆడోళ్ళు చెప్పిన్రని రాయి" అంది. అందుకే ఇక్కడ ఆమె పేరు లేదు. వద్దనడం ఆమె హక్కు. అడక్కుండా మన పేరు పెట్టుకోవడం ఎవరి హక్కూ కాదు.

చివరిగా ఒక్క మాట, ఈ పేజీ చదువుతున్న అమ్మలకూ అక్కలకూ. మీ ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉండే ఉంటారు. అత్తగారో, అమ్మో, పక్కింటి అవ్వో. ఒక పూట సీరియల్ కట్టేసి, మీ పిల్లల్ని ఆవిడ పక్కన కూర్చోబెట్టండి. కథ అడగమనండి, ఊఁ కొట్టమనండి. రాయాలనిపిస్తే రాయమనండి. రాసింది ముందు పంతులుకు కాకుండా ఆవిడకే చదివి వినిపించమనండి. అప్పుడు ఊఁ కొట్టే వంతు ఆవిడది. ఆవిడ ఊఁ అంటేనే ఆ కథ పాసైనట్టు!