యోబు స్నేహితులు మళ్ళీ వచ్చారు

బాధల్లో ఉన్నవాడి ఇంటికెళ్ళి “దీని వెనక దేవుడి ప్రణాళికేదో ఉంది బ్రదర్” అని చెప్పొచ్చే మా చర్చి పెద్దమనుషుల మీద నాకు పీకల్దాకా కోపం ఉంది. ఇవాళ కక్కేస్తున్నా, ఏమీ అనుకోకండి.

మా టీములో ఒకాయన కూతురికి తొమ్మిదేళ్ళకే బ్లడ్ క్యాన్సరొచ్చింది. ఓ పెద్దాయన ఆ తండ్రిని హాస్పిటల్ వరండాలో నిలబెట్టి, “ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోండి” అన్నాట్ట. లాగ్ ఫైలు తెరవకుండానే రూట్ కాజ్ తేల్చేసే మేనేజర్లు మనకి కొత్త కాదు గానీ, ఇది మరీ ఘోరం.

ఇంతకీ ఆయన చంకలో ఉన్న బైబిల్లో ఏముంది? యోబు గ్రంథం 42 అధ్యాయాలు. మనవాళ్ళు మొదటి రెండూ, చివరిదీ ప్రసంగించి, యోబు దేవుణ్ణి నిలదీసే మధ్యభాగం దాటేస్తారు (ఆస్తి రెట్టింపైన సంగతి మాత్రం మర్చిపోరు!). ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్ళు, ఏడు రాత్రుళ్ళు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అంతవరకూ బంగారం. నోరు తెరిచాకే వచ్చింది తంటా. దేవుడు యోబునీ గద్దించాడు, నిజమే. కానీ ఆయన కోపం రగిలింది మాత్రం తనని వెనకేసుకొచ్చిన ఈ ముగ్గురి మీద.

యోహాను 9లో పుట్టుగుడ్డివాడి విషయంలోనూ అంతే. పాపం వాడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు యేసు. “దేవుని క్రియలు కనబడాలని కూడా అన్నాడు కదా” అంటారా? అన్నాడు. అని చేతులు దులుపుకుని వెళ్ళిపోలేదుగా, బురద చేసి వాడి కళ్ళకి రాశాడు.

బాధకి అర్థమే లేదనడం లేదు నేను. వెల్లూరు సీఎంసీ డాక్టరు మేరీ వర్గీస్‌కి 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడింది. పాల్ బ్రాండ్ ఆవిడకి కుష్ఠురోగుల చేతులకి చేసే సర్జరీ నేర్పాడు. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది, తర్వాత అక్కడే పునరావాస వైద్య విభాగాన్ని నిలబెట్టింది. 1972లో పద్మశ్రీ. విశ్వాసం వల్లే నిలబడ్డానని ఆవిడలాంటివాళ్ళు చెబితే చేతులు కట్టుకుని వింటాను. అదే మాట ప్రమాదం జరిగిన మర్నాడు పరామర్శకొచ్చినవాడు చెబితే బయటికి దారి చూపిస్తాను.

ఇక, విశ్వాసమంటే మత్తుమందేనని నవ్వే మన హేతువాద మిత్రులకొక్క ప్రశ్న. మత్తులో ఉన్నవాళ్ళు అంత సూక్ష్మమైన సర్జరీ ఎలా చేస్తారు సార్?