శఠగోపం వంచనకు మారుపేరా?

తెలుగు దినపత్రికల పాత సంచికలను తిరగవేసేవారికి ఒక పదం పదే పదే ఎదురవుతుంది. రైతులకు శఠగోపం, డిపాజిటర్లకు శఠగోపం, నిరుద్యోగులకు శఠగోపం. చిట్టీల వ్యాపారి పరారైనా, నకిలీ విత్తనాలు మొలకెత్తకపోయినా, విదేశాలలో ఉద్యోగమని నమ్మించి దళారి సొమ్ము కాజేసినా, శీర్షికకెక్కేది ఆ పదమే. ఇది ఏ ఒక్క పత్రికకో పరిమితమైన అలవాటు కాదు. వార్తాభాషలో శఠగోపమంటే మోసం.

ఆలయంలో దాని అర్థం వేరు. తీర్థం స్వీకరించిన భక్తుని శిరస్సుపై అర్చకుడు ఉంచే కిరీటాకృతియే శఠగోపం. దానికే శఠారి అని మరొక పేరు. దాని పైభాగాన భగవంతుని పాదుకలుంటాయి. గర్భాలయంలో ప్రవేశించి మూలమూర్తి పాదాలను స్పృశించే అవకాశం లేని భక్తుని చెంతకు ఆ పాదాలే కదలివచ్చే ఏర్పాటు అది. తెలుగునాట అనేక శివాలయాలలో సైతం ఈ ఆచారం కనబడుతుంది.

ఆ నామం నమ్మాళ్వారులది. తామ్రపర్ణీ తీరాన, నేటి తమిళనాడులోని ఆళ్వార్ తిరునగరిలో అవతరించి, 1102 పాశురాల తిరువాయ్మొళిని లోకానికి అనుగ్రహించిన మహనీయులు వారు. శిశువు భూమిపై పడగానే శఠమనే వాయువు ఆవరించి జ్ఞానాన్ని మరపింపజేస్తుందనీ, దానిపై కోపించి దరిచేరనీయనందున వారు శఠకోపులైనారనీ శ్రీవైష్ణవ సంప్రదాయం చెబుతుంది. వారిని భగవత్పాదాలకు అభిన్నులుగా భావించిన పెద్దలు ఆ పాదుకలకు వారి పేరే ఉంచారు. శఠకోపమే జనుల నోట శఠగోపమైంది. కర్నూలు సీమలోని అహోబిలం పేర వెలసిన మఠానికి పీఠాధిపతులైనవారు నేటికీ 'శ్రీవణ్ శఠకోప' బిరుదాన్ని ధరిస్తారు.

సంస్కృతంలో శఠుడంటే వంచకుడు. శఠారి అంటే శఠత్వానికి శత్రువు. వంచనను సహింపని మహాత్ముని నామాన్నే పత్రికలు వంచనకు పేరుగా నిలిపాయి. దీనిని అర్థవిస్తరణ అనడం పొసగదు, ఇది అర్థవిపర్యయం. దొంగను పట్టినవాని పేరుతోనే దొంగతనాన్ని పిలిచినట్లయింది.

పదాల అర్థాలు కాలక్రమంలో మారడం సహజమే కదా అని కొందరంటారు. నిజమే. టోపీ పెట్టడమనే నానుడి వలెనే, తలపై ఉంచి వెంటనే తీసివేసే క్రియను చూచి ఎవరో చమత్కరించి ఉండవచ్చు. దేవుని పరిహసించే చనువు తెలుగువారికి ఉన్నదని, నిందాస్తుతి మన సాహిత్యానికి అలంకారమని మరికొందరు వాదిస్తారు. అయితే నిందాస్తుతి చేసే భక్తునికి తాను ఎవరిని నిందిస్తున్నాడో తెలుసు. ఆ నింద వెనుక ప్రేమ ఉంటుంది. వార్తాశీర్షికలో ఆ ఎరుక ఏది? సొమ్ము పోతే 'గోవిందా', పథకం ఆగిపోతే 'మంగళం', అప్పు ఎగవేస్తే 'పంగనామం', పార్టీ మారితే 'తీర్థం'! ఆలయ పరిభాష యావత్తూ అపహాస్యానికి ముడిసరుకైతే, అది చమత్కారమని ఎట్లా సరిపెట్టుకోగలం?

ఈ వాడుక భక్తుని ఒక్కనినే నొప్పించదు. జీవితకాలపు పొదుపును కోల్పోయిన వృద్ధుని దుఃఖం ఆ ఒక్క పదంతో పరిహాసంగా మారిపోతుంది. మోసాన్ని మోసమని వ్రాస్తే మోసగాడు సిగ్గుపడతాడు. శఠగోపమని వ్రాస్తే పాఠకుడు నవ్వి పుట త్రిప్పుతాడు. నేరం తేలిక పడుతుంది.

దోషమంతా పాత్రికేయులదే అనడం కూడా న్యాయం కాదు. పళ్ళెంలో పడే నాణెపు చప్పుడును బట్టి శఠారి శిరస్సుపై నిలిచే క్షణాలను పెంచి తగ్గించే అర్చకుడు ఆ శీర్షికకు తానే అర్థం సమకూరుస్తున్నాడు. పరధ్యానంతో తల వంచి, అది ఏమిటని ఒక్కనాడైనా అడుగని భక్తుడూ అందులో భాగస్వామియే. అర్థం చెప్పేవాడు మౌనం వహిస్తే, అనర్థం చెప్పేవాని మాటే నిలుస్తుంది.

కనుక పత్రికలు మోసాన్ని మోసమనే వ్రాయాలి. అర్చకులు శఠారిని ధనిక దరిద్ర భేదం లేక ఉంచాలి; అడిగిన బాలునికి ఆ నామకథను రెండు మాటలలో చెప్పాలి. భక్తుడు తల వంచే ఆ క్షణంలో తనలోని శాఠ్యం తొలగాలని ప్రార్థించాలి. శఠగోపం శిరస్సుపైకి వచ్చేది అందుకే.